నూట యాభై ఎనిమిదో మీటరు

మా ఊరికి పేరు పోయింది, ఎత్తులు మిగిలాయి.
మా వంటిల్లు నూట నలభై తొమ్మిది.
బడి మెట్లు నూట యాభై మూడు.
పాత రేవు ఇక ఎప్పటికీ బయటపడదు,
దానికి నేను అంకె వెయ్యలేదు.

నా పేరు రాన్ త్సైచిన్. పని ఒడ్డు కాపలా.
చేతిలో ఎర్రగీతల కర్ర,
జేబులో తడిసి, ఆరి, మళ్లీ తడిసి
ఉబ్బిపోయిన నోటుబుక్కు.

యాంగ్జీ ఇక్కడ రుతువులు తప్పిన నది.
చలికాలం నూట డెబ్బై ఐదు దాకా కడుపునిండా తాగుతుంది,
ఎండలు ముదిరేసరికి డొక్క లోపలికి పోతుంది.
దాహం దానిది కాదు, టర్బైన్లది.
నడుమ ముప్పై మీటర్ల ఏటవాలు
నీటికీ మనిషికీ కాకుండా
రెంటికీ చెడ్డ నేల.
పడవలో పోయేవాళ్లకి అది
కడగకుండా వదిలేసిన టీ కప్పులో మరక.

ఒక ఏడు నగరం నుంచి తెల్లబూట్లవాళ్లు వచ్చారు.
కంప్యూటర్లో గీసుకున్న పూలన్నీ
ఒడ్డు పొడవునా చల్లారు,
ఫోటోలు దిగడానికి చెక్కవంతెన కట్టారు.
జూన్‌లో పెళ్లిపందిరే.
అక్టోబరులో నీళ్లొచ్చాయి.
తీసేసిన ఏప్రిల్‌లో చూస్తే
వంతెన తాలూకు మేకులు మాత్రం
బురదలో తలలెత్తుకుని ఉన్నాయి.
ఒకటి నా చెప్పులోంచి దిగింది.

కుంటుతూ కూచున్న చోటే తవ్వి చూశాను.
పైన చచ్చిన గడ్డి, గడ్డం వెంట్రుకల్లా.
కింద కణుపు కణుపుకీ తెల్లటి మొన.
గరిక.
మావాళ్లు కుక్కపంటి వేరంటారు,
కరిస్తే వదలదని.
ఆర్నెల్లు ఊపిరి బిగబట్టి
బతికున్నట్టు ఎవరికీ చెప్పలేదది.

అప్పట్నుంచీ అదే నాటుతున్నాను.
పై అంచున, నడుంలోతు నీళ్లకు జడవని సైప్రస్ మొక్కలు,
కింద గరిక. పువ్వుల్లేవు.
ఫోటోలకి ఎవరూ రారు.

నూట యాభై ఎనిమిదిలో
తాన్ మావ్‌లిన్ తాత మొక్కజొన్న వేశాడు.
ఈ పట్టీలో నాగలి దించకూడదన్నాను.
మట్టి జారుతుంది, నీ ఎరువు నీళ్లలో పచ్చనురగవుతుందన్నాను.
రూలు కాగితం చూపించాను.
ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకుని
చాలాసేపు చదివాడు.
"నీళ్లు ఆర్నెల్లు అద్దెకున్నాయి సరే,
మిగతా ఆర్నెల్లు ఎవరివమ్మా?"
నా నోటుబుక్కులో ఆ గడి లేదు.
ఊరముల్లంగి పెట్టాడు, తిన్నాను, వచ్చేశాను.

జులైలో ఎగువ వానలకి
ఒక్క రాత్రిలో నది ఎక్కి దిగింది.
తెల్లారేసరికి దున్నిన చెక్క సగం లేదు.
పళ్లతో కొరికినట్టు గాటు,
నా గరిక అంచుదాకా వచ్చి
అక్కడ ఆగింది.

నేను చెప్పలేదా అని నేననలేదు.
చెప్పావులే అని ఆయనా అనలేదు.
ఇద్దరం ఆ గాటు చూస్తూ
ఒకే సిగరెట్టు తాగాం, నాకు అలవాటు లేకపోయినా.

మర్నాడు వెళ్లేసరికి తాత
పైనుంచి తెచ్చిన తీగల్ని కత్తితో జానెడేసి కోసి
బొటనవేలితో గాటులోకి నొక్కుతున్నాడు.
వరసలు వంకర. ఇంజనీరు చూస్తే నవ్వేవాడు.
మిగిలిన పదకొండు మొక్కజొన్నల జోలికి
నేను వెళ్లలేదు.
పుస్తకంలో రాశాను:
నూట యాభై ఎనిమిది. గరిక. అంటుకుంది.
ఇతర పంటలు అన్నచోట
పెన్ను సరిగ్గా పడలేదు.

సెప్టెంబరులో నీరు మోకాళ్ల దాకా వస్తుంటే
ఆ చివరి కంకులు విరిచి
రెండు నా సంచిలో వేశాడు.
కాల్చుకు తిన్నాను. కాస్త బురదవాసన.

ఈ రాత్రి నది నూట అరవై దాటింది.
కింద మా వంటింటి గచ్చు పగులులో
ఒక పోచ ఉంది,
జూన్‌లో చూశాను.
నేను నాటింది కాదు.
దాన్ని ఏ లెక్కలోనూ రాయలేదు.